గంట మోగాక మిగిలిన గొంతు

కిందటి వారం నేను దుప్పటి ఎత్తి గిన్నె చూసిన దగ్గర ఆగాను. గిన్నె ఖాళీగా ఉంది. ఊరికే ఖాళీ కాదు. కడిగి, తుడిచి, బోర్లించి ఉంది.

కథ ఇప్పుడే అందుకున్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. దక్షిణ కొరియాలోని మొక్పో రేవులో, చేపల బజారు వెనక సందులో, ఒక్‌బున్ మామ్మ పిండిమర ఉంది. మర వెనక గదిలో శనివారం మధ్యాహ్నాలు మేం కొందరు ఆడవాళ్ళం ప్రార్థనకు కూడతాం. అక్కడ వేదిక లేదు, ముందు వరస వెనక వరస లేదు, గుండ్రంగా కూర్చుంటాం. అందరూ కొండమీది చర్చిలో చోటు దొరకనివాళ్ళే. విడాకులు తీసుకుందని ఒకామెను, పెళ్ళి కాకుండా బిడ్డను కన్నదని ఇంకొకామెను వెళ్ళగొట్టారు. వాక్యం చదివి, ప్రసంగం కూడా తనే చెప్తానన్నందుకు మీరాన్ అక్కను వెళ్ళగొట్టారు. నన్నెవరూ వెళ్ళగొట్టలేదు. నేను మా అత్తమ్మకు తెలియకుండా వస్తున్నాను.

మా అత్తమ్మ ఆ కొండమీది చర్చిలో ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. నా భర్త దూరసముద్రంలో చేపల ఓడ మీద ఉన్నాడు. ఇంట్లో నేను, ఆవిడ, నా బిడ్డ యూరి. "ఆ మర గదిలో కాలు పెట్టావని తెలిసిందా, పిల్లని సియోల్‌లో దాని మేనత్త దగ్గరికి పంపించేస్తా. నువ్వు నీ ఇష్టమొచ్చిన చోటికి పో" అని ఆవిడ అన్నం వడ్డిస్తూ అంటుంది, బట్టలు మడతపెడుతూ అంటుంది. కోపంగా కూడా అనదు. అందుకే నాకు భయం. కోపంగా అన్న మాట చల్లారుతుంది. యూరికి ఇంకా మూడేళ్ళు నిండలేదు.

గడప దగ్గర మాకో పద్ధతి ఉంది. చెప్పులతోపాటు 'ఫలానావాళ్ళ అమ్మ', 'ఫలానావాళ్ళ కోడలు' అన్నవి కూడా బయటే విడిచిపెట్టాలి. గడప మీద నిలబడి ఎవరి పేరు వాళ్ళు చెప్పుకోవాలి. లోపలున్నవాళ్ళు "నీ చోటు వెచ్చగానే ఉంది" అనాలి. అంతే. ఎక్కడి మనిషివి, ఏం చేసి వచ్చావు అని అడగకూడదు. పేరు చెప్పినవాళ్ళను కాదనకూడదు.

ఆ వెచ్చని చోటు కూడా నిజంగానే ఉంది. వంటింటి పొయ్యి పొగ నేల కిందుగా పోతుంది కాబట్టి పొయ్యికి ఆనుకున్న మూల ఎప్పుడూ కాలుతున్నట్టే ఉంటుంది. ఇళ్ళల్లో ఆ మూల పెద్దవాళ్ళది. ఇల్లు చేరని మనిషి ఎవరైనా ఉంటే వాళ్ళ అన్నం గిన్నెకు మూతపెట్టి, దుప్పటి కప్పి అక్కడ ఉంచుతారు. మా గదిలో ఆ మూల ఎవరిదీ కాదు. ఇంకా రానివాళ్ళది. అక్కడొక మెత్త, మెత్త పక్కన దుప్పటి కింద గిన్నెడు అన్నం. లేచి వెళ్ళేముందు రానివాళ్ళ పేర్లు పైకి అనుకుంటాం. నేను ప్రతిసారీ "మల్సున్" అంటాను. ఆమె ఎవరని ఒక్కరూ అడగలేదు.

మల్సున్ మా అత్తమ్మ పేరు. ఇక ఆడపిల్లలు చాలు దేవుడా అని పెట్టే పేరు. ఆ పేరుతో ఆవిడను ఎవరూ పిలవగా నేను వినలేదు.

* * *

ఈ శనివారం రేవంతా మంచు కమ్మింది. పట్టపగలే సందులో దీపాలు వెలిగించారు. యూరికి పొద్దుటినుంచి దగ్గు. నుదురు చూశాను, మెడ చూశాను, మళ్ళీ నుదురు చూశాను. ఇంట్లో వదిలేద్దామంటే, ఈమధ్య శనివారాల్లాగే అత్తమ్మ ఎక్కడికో వెళ్ళింది. వీపుకు కట్టుకుని బయలుదేరాను.

మరలో బియ్యప్పిండి దిమ్మలు ఆవిరికి ఉడుకుతున్నాయి. ఆ ఆవిరి, బయటి మంచు కలిసి గదిలో ఎదుటి మనిషి మొహం అప్పుడప్పుడూ మాత్రమే కనపడుతోంది.

"సుల్గి" అన్నాను గడప మీద.

"నీ చోటు వెచ్చగానే ఉంది" అన్నాయి గొంతులు.

లోపల గిన్నె సంగతే మాట్లాడుకుంటున్నారు. 

"ఎలుకలే" అంది ఒక్‌బున్ మామ్మ, ముల్లంగి కిమ్చి కోస్తూ. "మరలో ఎలుకలు కాక ఏముంటాయి, నెమళ్ళా?"

"తిని, కడిగి, బోర్లించే ఎలుకలుంటే మా ఇంటికి నాలుగు పంపు మామ్మా" అంది లాన్. వియత్నాం నుంచి ఇక్కడికి కోడలుగా వచ్చిన పిల్ల. "మా ఆయన కంటే నయం."

"ఎలుకని కట్టుకుంటావా?"

"మా అత్త ఒప్పుకుంటుందిలే. మగ ఎలుక అయితే చాలు."

నవ్వారు. నేనూ నవ్వాను కానీ కళ్ళు దుప్పటి మీదే ఉన్నాయి. ఈ రోజు ఎత్తి చూస్తే గిన్నె నిండుగానే ఉంది. మూత మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. యూరి మళ్ళీ దగ్గింది. గది మొత్తంలో ఆ మూలే వెచ్చన. వీపు మీదినుంచి దించి, దాన్ని ఆ ఖాళీ మెత్త మీద కూర్చోబెట్టాను.

ఒక్‌బున్ మామ్మ కత్తి ఆపింది. "అక్కడ ఎవరూ కూర్చోకూడదే."

"దగ్గుతోంది మామ్మా. కాసేపే."

"కాసేపని కూర్చున్నవాళ్ళు లేవరు. నా మొగుడూ అలాగే వచ్చి కూర్చున్నాడు."

మీరాన్ అక్క ఏమైనా అంటుందని చూశాను. ఆమె యూరి వైపు చూసి, తల పక్కకు తిప్పి గంట చేతిలోకి తీసుకుంది. చిన్న ఇత్తడి గంట. అది మోగిస్తే ప్రార్థన మొదలు, మళ్ళీ మోగిస్తే ఆఖరు.

మా ప్రార్థన నెమ్మదైనది కాదు. అందరం కలిసి "ప్రభువా" అని మూడుసార్లు ఎలుగెత్తి పిలుస్తాం. ఆ తర్వాత ఎవరి ప్రార్థన వాళ్ళు, అందరూ ఒకేసారి, గట్టిగా. వర్షం రేకుల మీద పడ్డట్టు ఉంటుంది. పక్కనున్నామె మాట మనకు వినపడదు, మన మాట మనకే వినపడదు. అందుకే ఆ ప్రార్థన మాకు ప్రాణం. ఇంట్లో గొంతులోనే మింగినవన్నీ అక్కడ కక్కేయవచ్చు. లాన్ తన భాషలో ఏడుస్తుంది. ఒక్‌బున్ మామ్మ దేవుణ్ణి తిడుతుంది, అది నాకు తెలుసు, ఒకసారి మరీ దగ్గరగా కూర్చున్నాను. నేను మాత్రం ఒకటే అడుగుతాను. నా బిడ్డను నా దగ్గరే ఉంచు. నా బిడ్డను నా దగ్గరే ఉంచు. 

గంట మోగింది. గొంతులు ఆగాయి. 

ఒకటి ఆగలేదు.

మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఎవరో ఒకరు ఆవేశంలో గంట వినరు, మామూలే. కళ్ళు తెరిచి, వినకుండా ప్రార్థిస్తున్నదెవరా అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. అందరి నోళ్ళూ మూసే ఉన్నాయి. 

పాలపళ్ళు ఊడిన పిల్ల మాట్లాడితే సందుల్లోంచి గాలి పోతుందే, అలాంటి గొంతు. కానీ పిల్లల గొంతులో ఉండే తొందర అందులో లేదు. అన్నీ అడిగి అడిగి అలవాటైన మనిషిలా, ఒక్క మాటనే మెల్లగా అంటోంది.

"కోంగికి చోటు ఇవ్వండి. కోంగికి చోటు ఇవ్వండి."

ఆ పేరు నాకు తెలుసు.

బిడ్డ కడుపులో ఉండగా పిలుచుకోడానికి మేం ఒక పేరు పెడతాం. పుట్టాక అసలు పేరు పెట్టి, ఆ కడుపు పేరు వదిలేస్తాం. చిక్కుడు గింజంత ఉందని యూరికి అప్పట్లో పెట్టిన పేరు కోంగి. ఆ పేరు ముగ్గురికే తెలుసు. నాకు, సముద్రం మీదున్న నా భర్తకు, ఆ పేరు తానే ఎంచి పెట్టిన మా అత్తమ్మకు.

"అటక" అంది లాన్.

వెచ్చని మూలకు పైన, గోడలో ఛాతీ ఎత్తున ఒక చిన్న తలుపుంది. వంటింటి మీద అటక అది. పాత బుట్టలు, జల్లెడలు పడేసే చోటు. తలుపు ఉంగరంలో చెంచా దోపి, అదే గడియగా వాడతాం. చెంచా దోపినట్టే ఉంది. దాని కింద మెత్త మీద నా బిడ్డ తల వెనక్కి వాల్చి ఆ తలుపునే చూస్తోంది. దగ్గు ఆగిపోయింది. అది నవ్వుతోంది.

నేను చెంచా లాగేశాను. గొంతు ఠక్కున ఆగింది.

తలుపు తీస్తే చీకట్లో ముందు నెరిసిన జుట్టు కనపడింది. తర్వాత బూడిదరంగు కోటు, ఒళ్ళో బైబిలు సంచి, పైకి ముడుచుకున్న మోకాళ్ళు.

"అత్తమ్మా" అన్నాను.

"గొంతు తగ్గించు. పిల్ల జడుసుకుంటుంది" అందావిడ. నేను గొంతు పెంచనే లేదు.

గదిలో ఎవరూ కదల్లేదు. ఒక్‌బున్ మామ్మే లేచి, చేతులు నడుముకు కట్టిన గుడ్డకు తుడుచుకుంటూ వచ్చింది. "దిగవే ముందు. మోకాళ్ళు పట్టేస్తాయని ప్రతి వారం చెప్తున్నానా లేదా."

"నీకు తెలుసా మామ్మా?" అంది మీరాన్ అక్క.

"వంటింట్లోంచి అటకకి నిచ్చెన కన్నం ఉంది. ఇది వచ్చింది, ఎక్కింది. మేమిద్దరం ఒకే బడి. అడగకూడదని పద్ధతి పెట్టింది మీరేగా. నేను అడగలేదు."

అత్తమ్మ అటక గడప మీదికి జరిగి, కాళ్ళు ఇవతలికి వేలాడేసింది. ఆవిడ పాదాలకు సరిగ్గా కింద యూరి. నేను మధ్యలోకి వచ్చి నిలబడ్డాను. కోడలిగా అడుగుపెట్టినప్పటినుంచి ఆవిడకు ఎదురుగా అలా నిలబడటం అదే మొదలు.

"యూరిని ఇవ్వను" అన్నాను.

"ఎవరడిగారు?"

"మీరే. రోజూ."

ఆవిడ నా వంక కాకుండా గది వంక చూసింది. గుండ్రంగా ఉన్న మెత్తల వంక, వాటి మీద ఉన్న మొహాల వంక. "దేవుణ్ణి అమ్మా అని పిలుస్తారట, దయ్యాలకి అన్నం పెడతారట అని కొండమీద అందరూ అంటుంటే, చూద్దామని వచ్చా. నిజం చెప్పాలంటే నిన్ను జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోదామనే వచ్చా. ఇక్కడ కూర్చుని ఎప్పుడు లేద్దామా అని చూస్తున్నా. ఆఖర్న పేర్లు చెప్తున్నారు. నువ్వు నా పేరు చెప్పావు."

నేను తల ఎత్తి ఆవిడ వంక చూశాను.

"మా అమ్మ కూడా విసుక్కోకుండా అనలేదు ఆ పేరు. నువ్వు మామూలుగా అన్నావు. ఉప్పు అందుకో అన్నట్టు." ఆవిడ సంచి పట్టీ సర్దుకుంది. "ఆ రోజు లేవలేకపోయా. ఆ తర్వాత వారం మళ్ళీ అంటుందేమో చూద్దామని వచ్చా. అన్నావు."

లాన్ కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం ఇంకా గోడలాగే నిలబడి ఉన్నాను. నా మనసంతా ఆ ఒక్క పేరు దగ్గరే ఉంది. 

"మరి కోంగి కోసం ఎందుకు ప్రార్థించారు అత్తమ్మా? దాని పేరు యూరి."

"నేను ప్రార్థించలేదు."

"విన్నాం అందరం."

"నేను ప్రార్థించి ఎన్నాళ్ళయిందో నీకేం తెలుసు. కొండమీద పెదవులు ఆడిస్తా, అంతే. గొంతు రాదు."

ఒక్‌బున్ మామ్మ దుప్పటి వైపు చూసింది. "గిన్నెలో అన్నం నువ్వు తినేదానివేనా, అది చెప్పు ముందు."

"సగం."

"మిగతా సగం?"

అత్తమ్మ భుజం మీదుగా అటకలోకి ఒకసారి చూసింది. నేనూ చూశాను. జల్లెడల అంచులు తప్ప అంతా నలుపు.

"మొదటి రోజు నేను ఎక్కేసరికి లోపల ఇంకెవరో ఉన్నారు" అంది. "మీలోనే ఒకామె అనుకున్నా. నాలాగే మొహం చెల్లక దాక్కుందేమో అనుకున్నా. చీకట్లో మోకాలికి మోకాలు తగిలింది. సర్దుకుని నాకు చోటిచ్చింది. మీరంతా వెళ్ళాక తలుపు సందులోంచి చెయ్యి పెట్టి గిన్నె తీసుకుంది. సగం తిని నాకిచ్చింది. కడిగింది నేనే. తిన్న గిన్నె అలా వదిలేస్తే ఎలా?"

"చెంచా దోపి ఉంటుంది కదా ఆ తలుపుకి" అన్నాను.

"ఉంటుంది."

మీరాన్ అక్క మెల్లగా అడిగింది. "ఎలాంటి మనిషమ్మా?"

"చెయ్యి చిన్నది" అంది అత్తమ్మ. "చాలా చిన్నది."

మరలో ఆవిరి బుసకొట్టి ఆగింది. ఆవిడ అప్పుడు చెప్పింది, నా భర్తకు కూడా తెలియని సంగతి. అతనికంటే ముందు ఆవిడకో ఆడపిల్ల. ఆ రోజుల్లో కడుపులో బిడ్డకు పేరు పెట్టడం ఎవరికీ లేదు. ఆవిడొక్కతే పెట్టుకుంది, నూతి దగ్గర, ఎవరూ లేనప్పుడు. కోంగి. ఆ బిడ్డ పుట్టింది, ఏడవలేదు. బాప్తిస్మం లేని బిడ్డకు ప్రార్థన లేదన్నారు కొండమీది పెద్దలు. సంఘం శ్మశానంలో చోటు లేదన్నారు. గుట్ట వెనక ఎక్కడో పాతిపెట్టి వచ్చి, ఎక్కడో ఆవిడకు చెప్పలేదు. బాలింతలకిచ్చే నాచు పులుసు తాగించి, పక్క మీదినుంచి లేపి, ఆదివారం ఆవిడను అదే పెద్దల ముందు కూర్చోబెట్టారు.

"యూరి నీ కడుపులో పడ్డప్పుడు ఆ పేరు మళ్ళీ పెట్టా" అంది. "ఈసారైనా ఎవరో ఒకరు పైకి పిలుస్తారని. తప్పు చేశానేమో. ఒకళ్ళ పేరు ఇంకొకళ్ళకి పెట్టకూడదేమో. రెండు వారాల నుంచీ లోపల అది అదే అడుగుతోంది. నువ్వు పిల్లని తెచ్చేలోపే దాన్ని ఎలాగైనా ఊరుకోబెడదామని ఇవాళ నీకంటే ముందే వచ్చా. నువ్వు తీసుకొచ్చి, తీసుకొచ్చి, ఆ మెత్త మీదే కూర్చోబెట్టావు."

ఆవిడ మాట పూర్తయ్యాక నోరు మూసుకుంది. మేమందరం ఆ మూసిన నోటినే చూస్తున్నాం. అందుకే తర్వాతి మాట ఆవిడది కాదని ఏ ఒక్కరికీ అనుమానం లేదు.

"కోంగి."

ఆవిడ వీపు వెనకనుంచి. అటక గడప దగ్గరినుంచి. చోటు ఇవ్వండి అని ఈసారి అడగలేదు. ఉత్త పేరు. మేం ప్రతి ఒక్కరం చెప్పులు విడిచి, గడప మీద నిలబడి, ఎలా చెప్పుకుంటామో అలా.

జవాబు ఏమిటో గదిలో అందరికీ తెలుసు.

మీరాన్ అక్క ఊపిరి తీసుకుంది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. "వద్దక్కా."

"పేరు చెప్పింది సుల్గీ."

"ఆ చోటులో నా బిడ్డ ఉంది."

"పేరు చెప్పినవాళ్ళని కాదనకూడదని మొదట నిన్ను రానిచ్చినప్పుడు—"

"అది మనిషి కాదక్కా."

"మన గురించి కొండమీద వాళ్ళన్నదీ అదే" అంది మీరాన్ అక్క. ఆమెకూ భయమే. ధైర్యంతో కాదు, మాట ఇచ్చినందుకు అంటోంది.

నేను ఆమె చెయ్యి వదిలేశాను. వాదించి లాభం లేదు. ముందు బిడ్డను ఎత్తుకోవాలి. ఎత్తుకుని, మర దాటి, సందు దాటి, రేవు వెలుగులోకి పోవాలి. ఆ తర్వాత ఎవరికి ఎవరు చోటిచ్చుకుంటారో ఇచ్చుకోనీ. నేను యూరి వైపు వంగాను.

నా తల మీద, అటక గడప మీద కూర్చున్న మా అత్తమ్మ ముందు గొంతు సవరించుకుంది. ఏళ్ళ తరబడి వాడని తలుపు తీసినట్టు కిర్రుమంది ఆ గొంతు. కొండమీది చర్చిలో విడాకులావిడను లేచి పొమ్మన్నది ఆవిడే. మీరాన్ అక్క చేతిలోంచి మైకు లాక్కున్నదీ ఆవిడే.

"నీ చోటు" అంది ఆవిడ. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. "నీ చోటు వెచ్చగానే ఉంది, తల్లీ."

దుప్పటి కింద గిన్నె మూత చిన్నగా చప్పుడు చేసింది.

నా చేతులు యూరి చంకల దాకా వెళ్ళాయి. అది నా వంక చూడలేదు. నా పక్కనుంచి, నా మోచేతి కిందుగా ఎవరో వస్తున్నట్టు, కళ్ళు తలుపు దగ్గరినుంచి మెల్లగా కిందికి దించుకుంటూ వచ్చింది. తర్వాత మెత్త మీద కాస్త పక్కకు జరిగింది. జరిగి, ఖాళీ అయిన సగాన్ని బుల్లి అరచేత్తో తట్టింది.

మెత్త ఆ సగం మెల్లగా కిందికి అణిగింది.